పడని వస్తువు - బయటి భోజనం



మా భివండిలో పాళీ మారే వేళకు సాంచెల కార్ఖానాల ముందు రెండు గుంపులు ఎదురుపడతాయి. రాత్రి పాళీ దిగి చెవులు దిమ్మెక్కి బయటికి వచ్చేవారు ఒకవైపు, పగటి పాళీకి లోపలికి పోయేవారు మరొకవైపు. 12 గంటల పాళీ. లోపలికి పోయేవారికీ, బయటికి వచ్చేవారికీ కావలసింది ముందుగా కడుపుకింత తిండి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి మగ్గం పని వెంట తరతరాలుగా వచ్చి పద్మనగర్, కామత్‌ఘర్ ప్రాంతాల్లో కాపురాలు పెట్టుకున్న మన తెలుగువారు ఇంటికి పోయి తింటారు. ఒంటరిగా వచ్చినవారికి బిస్సీ ఉంది. బిస్సీ అంటే సాంచెల పనివారికి నెలవారీ లెక్కన రెండు పూటలా భోజనం పెట్టే చోటు. ఇవి కాక మరాఠీ ఖానావళులు, ఉడిపి హోటళ్ళు, బిర్యానీ, నిహారీ వండే హోటళ్ళు, వడాపావ్ బళ్ళు, సాయంత్రమైతే వెలిగే చైనీస్ బళ్ళు. ఈ ఊళ్ళో బయట తినడం విలాసం కాదు, అవసరం.

ఇలా బయట తినేవారిలో కొందరికి ఒక్కొక్క వస్తువు పడదు. ఒకరికి పాలు పడవు, ఒకరికి గోధుమ పడదు, మరొకరికి పల్లీలు పడవు. ఇంట్లో అయితే అమ్మకో, ఇల్లాలికో తెలుసు. బయట వండేవారికి ఎలా తెలుస్తుంది? మనం ఏం అడగాలి, ఎవరిని అడగాలి, ఏ మాటల్లో అడగాలి? ఈనాడు మీతో మాట్లాడదలచుకున్నది ఈ విషయమే. నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులును. ఈ విషయం నేను పుస్తకంలో కంటే ముందు ఒక పిల్లవాడి ముఖంలో చదువుకున్నాను. ముందుగా ఆ సంగతి చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట మా బడి పిల్లలను వజ్రేశ్వరికి తీసుకువెళ్ళాం. భివండికి దగ్గరే. అమ్మవారి గుడి, పక్కనే వేడినీటి బుగ్గలు. బస్సు ఎక్కేముందు ఒక తల్లి నా దగ్గరికి వచ్చి, "సారూ, మావోనికి పల్లీలు పడయి, జర చూడుండ్రి" అంది. సరేనన్నాను. మధ్యాహ్నం దారిలో ఒక చిన్న భోజన హోటలుకు వెళ్ళాం. ఆ మాట నాకు గుర్తుంది. వడ్డించే కుర్రవాణ్ణి పిలిచి, ఇందులో మూంగ్‌ఫలీ ఉందా అని హిందీలో అడిగాను. "నహీ సాబ్" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. ఆ పళ్ళెంలో ఒక్క పల్లీ గింజా లేదు. కాని అక్కడ వడ్డించినది మరాఠీ పద్ధతిలో చేసిన గుత్తివంకాయ. దాని పులుసు చిక్కదనమంతా వేయించి దంచిన పల్లీల పొడిదే. దాన్ని ఇక్కడ కూట్ అంటారు. కుర్రవాడికి కూట్ వేరు, మూంగ్‌ఫలీ వేరు.

నాలుగు ముద్దలు తిన్నాడో లేదో పిల్లవాడు, "సార్, నాలుక దురద పెడుతోంది" అన్నాడు. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. బస్సులోనే దగ్గరి ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు గారు తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు. కొంతసేపటికి ఊపిరి తేటపడింది. ఆయన నన్ను ఒక్కటే అడిగారు: "వంటవాణ్ణి అడిగారా, వడ్డించేవాణ్ణి అడిగారా?" నా దగ్గర జవాబు లేదు. తప్పు హోటలుది కాదు, కుర్రవాడిదీ కాదు. నాకు అడగడం రాలేదు. ప్రశ్నలు అడగడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, అసలు ప్రశ్న అడగలేకపోయాను.

ఇక విషయానికి వస్తాను. మన భాషలో "పడదు" అన్న మాట ఒక్కటే. కాని ఒంట్లో జరిగేవి రెండు వేర్వేరు పనులు. మొదటిది అరగకపోవడం. ఆ వస్తువును జీర్ణం చేసుకునే శక్తి పేగుల్లో తక్కువగా ఉంటుంది. కడుపు ఉబ్బుతుంది, నొప్పి, విరేచనాలు. బాధే కాని సాధారణంగా ప్రాణాపాయం లేదు. ఎంత తిన్నామన్న దాన్నిబట్టి బాధ ఉంటుంది. రెండవది ఎలర్జీ. ఒంట్లో రోగాలతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒక ఆహారపదార్థాన్ని శత్రువుగా పొరబడి తిరగబడుతుంది. ఇక్కడ కొలతతో పనిలేదు. గరిటెకు అంటిన కాస్త కూడా చాలు. దద్దుర్లు, వాపు, ఉబ్బసం, ఒక్కోసారి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడా తెలియకపోతే రెండు రకాల పొరపాట్లు చేస్తాం. అరగని వస్తువుకు అనవసరంగా భయపడి అంతా మానేస్తాం. ఎలర్జీ ఉన్న వస్తువును "కొంచెమేగా" అని తింటాం. అందుచేత, మీకు పడనిది ఏ రకమైనదో డాక్టరు దగ్గర తేల్చుకోవడం మొదటి పని.

ముందు పాల సంగతి. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే రసం పసితనంలో అందరికీ పుష్కలంగా ఊరుతుంది. పెరిగే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ఇది రోగం కాదు. ప్రపంచంలో పెద్దవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఇలాంటివారే. మన దేశంలో ఉత్తరాదివారికీ దక్షిణాదివారికీ ఇందులో తేడా ఉంది. 1981లో ప్రచురితమైన ఒక పరిశీలనలో దక్షిణాదివారిలో సుమారు 66 శాతం మందికి, ఉత్తరాదివారిలో సుమారు 27 శాతం మందికి ఈ లోపం కనిపించింది. అంటే పాలు పడకపోవడం మన తెలుగువారిలో వింత కాదు.

అయితే పాలు పడనివారు హోటల్లో దేనికి జంకాలి, దేనికి జంకనక్కరలేదు? లాక్టోజ్ అరగని వారిలో చాలామంది 12 గ్రాముల దాకా, అంటే సుమారు ఒక గ్లాసు పాలలో ఉన్నంత, ఒక్కసారికి తట్టుకోగలరని పరిశీలనలు చెబుతున్నాయి. కనుక ఒక కటింగ్ చాయ్ చాలామందిని ఏమీ చేయదు. పెరుగులో సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత తినేసి ఉంటాయి, మిగిలినదాన్ని అరిగించడంలోనూ సాయపడతాయి. పనీరులోంచి నీటితోపాటు లాక్టోజ్ చాలావరకు వెళ్ళిపోతుంది. నెయ్యిలో దాదాపు ఉండదు. అసలు జాగ్రత్త పడవలసినవి బాసుందీ, రబ్డీ, కుల్ఫీ, ఖోవా మిఠాయిలు. ఇవి పాలను కాచి కాచి చిక్కబరచినవి. పాలపొడి కలిపిన తీపి వంటలు, మలాయీ పోసి దించే హోటలు కూరలు కూడా ఈ జాబితాలోవే. ఒకే పూట చాయ్, లస్సీ, బాసుందీ మూడూ కలిస్తే కడుపు ఎదురు తిరుగుతుంది.

కాని పాల ఎలర్జీ ఉన్నవారికి ఈ సడలింపులేవీ వర్తించవు. వారికి శత్రువు లాక్టోజ్ కాదు, పాలలోని మాంసకృత్తులు. పెరుగు, పనీరు, వెన్న అన్నీ ప్రమాదమే. 2017లో లండన్‌లో ఓవెన్ క్యారీ అనే యువకుడు తన 18వ పుట్టినరోజున ఒక రెస్టారెంటుకు వెళ్ళాడు. తనకు ఎలర్జీ ఉందని అక్కడివారికి చెప్పాడు. కోడిమాంసం తెప్పించుకున్నాడు. ఆ మాంసాన్ని మజ్జిగలో నానబెట్టారన్న సంగతి అతనికి తెలియలేదు. ఆ సాయంత్రమే ప్రాణం పోయింది. మన తందూరీ కోడి సంగతి గుర్తు చేసుకోండి. అది కూడా పెరుగులో నానినదే. బిర్యానీ మాంసమూ పెరుగులో నానినదే. పళ్ళెంలో పెరుగు కనబడదు. నానబెట్టిన గిన్నె వంటింట్లోనే ఉండిపోతుంది.

రెండవది గోధుమ. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. చపాతీ పిండి సాగడానికి కారణం అదే. కొందరిలో ఈ గ్లూటెన్ తగిలితే వారి ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. దీన్ని సీలియాక్ వ్యాధి అంటారు. ఇది మామూలు అజీర్తి కాదు, మొదట చెప్పిన ఎలర్జీ వంటిదీ కాదు. మెల్లమెల్లగా తినేసే జబ్బు. విరేచనాలు, రక్తం పట్టకపోవడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం దీని లక్షణాలు. దీనికి మందు ఒక్కటే, గ్లూటెన్ ఉన్న ధాన్యాలను జీవితాంతం మానడం.

ఈ సంగతి బయటపడడంలో ఒక చరిత్ర ఉంది. డికీ అనే హాలండ్ పిల్లల వైద్యుడు గోధుమ మీద ముందునుంచీ అనుమానంతో ఉన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో హాలండ్‌లో కరువు వచ్చి రొట్టె దొరకలేదు. దేశమంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో గోధుమే కారణమని చూపించాడు.

మన దేశంలో ఈ జబ్బు గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో ఎక్కువ. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తరాదిలో నూటికి 1.23 మందికి ఉంటే, దక్షిణాదిలో నూటికి 0.10 మందికే ఉంది. మన తాతలు జొన్నరొట్టె, గటక, అంబలి తిని పెరిగినవారు. భివండికి వచ్చాక మన ఇళ్ళలో చపాతీ నిత్యాహారమైంది. పిల్లలు పాలు మాన్పించిన నాటి నుంచీ గోధుమ తింటున్నారు. అందుచేత "ఇది మనకు రాని జబ్బు" అని కొట్టిపారేయకండి. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించండి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే పరీక్షలో జబ్బు పట్టుబడకపోవచ్చు.

గోధుమ పడనివారికి చపాతీ, పావ్ వంటివి కళ్ళకు కనబడే శత్రువులు. కనబడనివి చాలా ఉన్నాయి. రవ్వ కూడా గోధుమే. కనుక ఉప్మా, రవ్వ ఇడ్లీ, రవ్వ దోసె, షీరా పనికిరావు. మామూలు ఇడ్లీ బియ్యం, మినుములతో చేసినదే. దోసె పిండిలో మాత్రం కరకరలాడడానికి కొన్నిచోట్ల రవ్వో, మైదానో కలుపుతారు, అడగాలి. సాంబారులో వేసే ఇంగువ చూడండి. బజారులో దొరికే డబ్బా ఇంగువ ఒట్టి ఇంగువ కాదు. అందులో చాలావాటిలో గోధుమపిండి కలిసి ఉంటుంది, డబ్బా మీద ఆ సంగతి రాసి ఉంటుంది. చైనీస్ బండి మీది సోయా సాస్ సాధారణంగా సోయాతోపాటు గోధుమ పులియబెట్టి చేసినది. రంజాన్ నెలలో మా ఊళ్ళో వీధి వీధినా దొరికే హలీమ్, ఖిచ్‌డాలలో గోధుమలే ముఖ్యం. నిహారీ చిక్కబడడానికి గోధుమపిండి కలుపుతారు. శనగపిండితో చేసిన బజ్జీలో గోధుమ లేదు. కాని అంతకుముందే సమోసాలు వేగిన నూనెలో వేస్తే ఆ బజ్జీ కూడా పనికిరాదు.

మరి తినగలిగింది ఏముంది? మహారాష్ట్రలో ఉన్నందుకు మనకొక మేలు ఉంది. ఇక్కడి భాకరీ మన జొన్నరొట్టెకు తోబుట్టువు. జుణకా అంటే శనగపిండి కూర. 1995లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక రూపాయికే జుణకా భాకర్ పెట్టే కేంద్రాలు తెరిచింది. ఆ కేంద్రాలు తర్వాత మూతపడ్డాయి కాని, ఖానావళుల్లో ఆ భోజనం నేటికీ దొరుకుతుంది. అయితే భాకరీ పిండిలో గోధుమ కలపలేదు కదా, చపాతీ పీట మీదే దీన్నీ తట్టలేదు కదా అని అడిగి తెలుసుకోవాలి.

మూడవది పల్లీ. దీని గురించి నా అనుభవం చెప్పాను. మహారాష్ట్ర వంటలో కూట్ వాడకం చాలా ఎక్కువ. వంకాయలోనే కాదు, దోసకాయ కోశింబీరులో, కొన్ని ఉసళ్ళలో, సాబుదానా ఖిచిడీలో, ఠేచా అనే మిరపకాయ పచ్చడిలో కూడా పడుతుంది. మన ఇళ్ళలో సర్వపిండిలో, ఇడ్లీ పచ్చడిలో పల్లీలు వేసినట్లే. నూనె సంగతి కూడా ఉంది. బాగా శుద్ధిచేసిన పల్లీ నూనెలో ఎలర్జీ కలిగించే మాంసకృత్తులు చాలావరకు పోతాయి. గానుగ నూనెలో అవి మిగిలి ఉండవచ్చు. పైన చల్లిన పల్లీలు ఏరి పారేసి తినవచ్చు అనుకోవడం పొరపాటు. ఏరినది గింజ మాత్రమే, అంటినది అంటినట్లే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత తెలిసినవారు కూడా హోటల్లో నోరు మెదపరు. ఎందుకు? నలుగురితో కలిసి వెళ్ళినప్పుడు "నాకు ఏదైనా ఫరవాలేదు" అనడం మనకు మర్యాద. పెళ్ళిలో బంతి మీద కూర్చొని ఇందులో ఏం వేశారని అడిగితే పెట్టేవారిని అవమానించినట్లని జంకు. బిస్సీలో అడిగితే, "పెద్ద నవాబు వచ్చాడు" అంటారేమోనని సిగ్గు.

కాని ఒక సంగతి చూడండి. మనం అడగడం రానివాళ్ళం కాము. శనివారం మాంసం తిననివాడు ఆ సంగతి ధైర్యంగా చెబుతాడు. ఏకాదశి నాడు ఉపవాసమున్నవాడు ఇది ఉపవాసానికి పనికివస్తుందా అని రెండుసార్లు అడుగుతాడు. మా ప్రాంతపు హోటళ్ళలో "జైన్" అన్న ఒక్క మాట చెబితే చాలు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా పావ్‌భాజీ వేరే చేసి పెడతారు. ఎవరూ నవ్వరు, ఎవరూ విసుక్కోరు. 2001లో మన దేశంలో ప్యాకెట్లలో అమ్మే తిండి మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క ఉండాలని నియమం వచ్చింది. అంటే నియమం కోసం అడిగేవాణ్ణి మన సమాజం గౌరవిస్తుంది. ఆరోగ్యం కోసం అడిగేవాడికి మాత్రం నోరు రాదు. నోముకు అడిగే మనం నొప్పికి ఎందుకు అడగకూడదు? జైన్ భోజనం వేరే వండగల వంటిల్లు కూట్ లేని కూర కూడా వండగలదు. ఆ వంటింటికి మనం ఆ మాట చేరవేయాలి, అంతే.

ఆ నియమాల వంటలే మనకు అక్కరకు వస్తాయి కూడా. ఉపవాసపు వంటల్లో గోధుమ ఉండదు. సాబుదానా, భగర్ అన్నం, రాజ్‌గిరా, బంగాళాదుంప. గోధుమ పడనివారు ఏకాదశి కాకపోయినా ఆ వంటలు అడగవచ్చు. ఉల్లి, వెల్లుల్లి తింటే కడుపు ఉబ్బేవారు జైన్ వంట అడగవచ్చు. కాని జాగ్రత్త, ఒకరికి మందైనది మరొకరికి విషం. అదే సాబుదానా ఖిచిడీ నిండా పల్లీల పొడి ఉంటుంది. ఆ పిల్లవాడి పాలిటికి అది ఉపవాసం కాదు, ఉపద్రవం.

అడగడంలో కొన్ని మెలకువలు చెబుతాను. మొదటిది వేళ. హోటలు కిటకిటలాడే వేళ వెళితే మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. ఒక అరగంట ముందో, వెనకో వెళ్ళండి.

రెండవది, ఎవరిని అడగాలి? వడ్డించే కుర్రవాడు నిన్ననే ఉత్తరప్రదేశ్ నుంచో, ఒడిశా నుంచో వచ్చి ఉండవచ్చు. అతనికి వంట తెలియదు, లేదని చెప్పడం తేలిక. గల్లా మీద కూర్చున్నాయనతో చెప్పి వంటవాడి దాకా కబురు పంపండి, లేదా మీరే వెళ్ళి మాట్లాడండి.

మూడవది, ఎలా అడగాలి? "ఇందులో ఫలానాది ఉందా?" అంటే జవాబు "లేదు" అనే వస్తుంది. "ఈ కూర ఎలా చేస్తారు? చిక్కబడడానికి ఏం వేస్తారు? దేంట్లో నానబెట్టారు? ఏ నూనెలో వేయించారు?" అని అడగండి. అప్పుడు వంటవాడు తన పని చెబుతాడు, దాచిన వస్తువు బయటికి వస్తుంది.

నాలుగవది, ఏ భాషలో అడగాలి? మా ఊళ్ళో ఒకే వంటింట్లో మూడు నాలుగు భాషలు ఉంటాయి. "చాలత్ నాహీ" అంటే మరాఠీవారు నియమం కోసమని అనుకోవచ్చు. ఎలర్జీ అన్న మాట ఇప్పుడు అందరికీ తెలుసు, అదే వాడండి. "దాణ్యాచే కూట్ ఘాలూ నకా, ఎలర్జీ ఆహే" అని మరాఠీలోనూ, "మూంగ్‌ఫలీ కా దానా భీ నహీ, చూరా భీ నహీ" అని హిందీలోనూ ఒక చీటీ మీద రాసుకొని జేబులో ఉంచుకోండి. మాట దారిలో మారిపోతుంది, చీటీ మారదు. మా బడిలో ఇలాంటి పిల్లలకు ఇప్పుడు నేనే చీటీలు రాసి ఇస్తున్నాను.

ఐదవది, సందేహం తీరకపోతే సాదా వంటకం ఎంచుకోండి. తెల్లన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు. ఎన్ని దినుసులు తక్కువైతే అంత మేలు. ఎలర్జీ ఉన్నవారు "ఒక ముద్ద తిని చూద్దాం" అని మాత్రం ఎప్పుడూ అనుకోకండి.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకుందాం. 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. దాని కింద 2020లో చేసిన నిబంధనల ప్రకారం ప్యాకెట్లలో అమ్మే ఆహారం మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల వంటివి, పల్లీలు, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే ఆ సంగతి రాయాలి. హోటళ్ళ విషయానికి వస్తే, కేంద్ర లైసెన్సు ఉన్నవి, లేదా 10 చోట్ల గాని అంతకుమించి గాని శాఖలు ఉన్నవి తమ వంటకాల్లోని ఎలర్జీ కలిగించే వస్తువుల వివరం తెలపాలి. మంచి నిబంధనే. కాని మా ఊరి బిస్సీకి, ఒక్క గది ఉడిపి హోటలుకు, వడాపావ్ బండికి ఇది తగలదు. ఐరోపా దేశాల్లో 2014 డిసెంబరు నుంచి చిన్న హోటళ్ళు కూడా 14 రకాల వస్తువుల గురించి అడిగినవారికి చెప్పి తీరాలి. ఇక్కడ ఆ రోజు వచ్చేదాకా మన నోరే మన రక్షణ.

హోటలు నడిపే శ్రోతలు కూడా వింటూ ఉంటారు. వారికి ఒక మనవి. తెలియకపోతే "తెలియదు" అని చెప్పండి. ఆ మాటకు కోపం తెచ్చుకునే గిరాకీ ఉండడు. తెలియకుండా "లేదు" అంటే ప్రాణం పోవచ్చు. గల్లా దగ్గర ఒక పలక పెట్టి, ఈనాటి ఏ కూరలో కూట్ ఉంది, దేనిలో పాలు ఉన్నాయి, దేనిలో మైదా ఉంది అని సుద్దముక్కతో రాస్తే చాలు. ఖర్చు సుద్దముక్క ఖర్చే.

ఇక ఆపద వచ్చిన వేళ. పడనిది తిన్న కొద్ది నిమిషాల్లో పెదవులు, నాలుక ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలం గడపకండి. ఒంటి దురదకు వేసుకునే మాత్ర దీనికి చాలదు. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కు ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో ఆసుపత్రికి చేర్చండి. మనిషిని నడిపించకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచండి. ఊపిరి ఆడకపోతే ఆనించి కూర్చోబెట్టండి. తగ్గినట్లు కనిపించినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి, లక్షణాలు తిరగబెట్టవచ్చు. ఒకసారి ఇలా జరిగినవారు ముందుజాగ్రత్తగా ఏం దగ్గర ఉంచుకోవాలో డాక్టరు గారిని అడిగి తెలుసుకోవాలి.

ఆనాటి పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఒక కార్ఖానాలో సాంచెలు నడుపుతున్నాడు. ఈమధ్య కల్యాణ్ నాకా దగ్గర కనిపించి, "సార్, చాయ్ తాగుదాం" అన్నాడు. హోటల్లో కూర్చున్నాం. ఫలహారం తెప్పించేముందు జేబులోంచి చీటీ తీసి గల్లా మీది ఆయనకు ఇచ్చాడు. అది నా చేతిరాత కాదు. నేను రాసిచ్చినది ఎప్పుడో చిరిగిపోయిందట. తనే మళ్ళీ రాసుకున్నాడు, మరాఠీలో, హిందీలో, కింద ఉర్దూలో కూడా. ఉర్దూ పక్క సాంచె మీది మిత్రుడు రాసిచ్చాడట. గల్లా మీది ఆయన చదివి, లోపలికి పంపి, కాసేపటికి వచ్చి, "ఇడ్లీ తినండి. పచ్చడి వద్దు, అందులో పల్లీలున్నాయి" అన్నాడు. ఆ పూట నేనూ పచ్చడి లేకుండానే తిన్నాను.

మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని పడని వస్తువు ఏదైనా ఉంటే, మళ్ళీసారి హోటలు గడప తొక్కేముందు ఒక చీటీ రాసుకోండి. సిగ్గుపడకండి.